తిరగేసిన చేప

ఏవండీ, దేవుని దయవల్ల చైనాలో కులాసాగా ఉన్నాను. పొద్దున ఫోన్లో మిమ్మల్ని పడవ ఎక్కొద్దన్నానే గానీ కారణం చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

నిన్న చ్వాన్‌జౌ మ్యూజియంలో ఏడువందల ఏళ్ళ కిందట మునిగిపోయిన ఓడని చూసి, ఒక ముసలి జాలరి ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. చేపని ముక్కలు చెయ్యకుండా అలాగే వండి పెట్టారు. ఒకవైపు అయిపోగానే మనింట్లోలాగే రెండోవైపుకి తిరగేశాను. అంతే, అందరూ తినే పుల్లలు కింద పెట్టేశారు.

"చేపని తిరగేస్తే పడవ తిరగబడుతుందంటండీ," అంది మమ్మల్ని ఏలూరు నుంచి ఈ టూరుకి తీసుకొచ్చిన గాయత్రి, వాళ్ళ మాటని తెలుగులో చెబుతూ.

"మాదీ కొల్లేరే, మావారిది చేపల చెరువు. రోజూ తిరగేస్తాం, ఏమీ కాలేదని చెప్పమ్మా," అన్నాను గొప్పగా.

ముసలాయన నావంక జాలిగా చూసి, "మీవారికి ఈత వచ్చా?" అని అడిగించాడు.

పోయిన వానాకాలం మీరు పడవ బోల్తాపడి బురదలో తేలిన రోజు మనం తిన్నది బొచ్చె చేప వేపుడే కదండీ!

మనం ఇలాంటివి నమ్మం. అయినా నేనొచ్చేదాకా చెరువులో మేత మరిది శామ్యూల్ చేత వేయించండి. అతను చేపలు తినడు. గ్యాస్ బుక్ చేశారా? ఏంజెల్ ట్యూషన్‌కి వెళ్తోందా?

ప్రభువు మిమ్మల్ని ఒడ్డుమీదే కాపాడును గాక.

స్టెల్లా