సోని అనని మాట

2006 ఫిబ్రవరి 11, శనివారం

మా అక్క సోని నోట్లో తను అనని మాట పెట్టినవాడి పేరు దేవీప్రసాద్. విశాఖపట్నం మనిషి. మైకు ఒక్కటి పట్టుకుని గంటన్నర నిలబడి జనాన్ని నవ్విస్తాడు. ఇంగ్లీషు పేపరు స్టాండప్ కమెడియన్ అంటుంది. మావాళ్ళు మిమిక్రీ బాబు అంటారు. నేను ఇవాళ్టి నుంచి దొంగ అంటాను.

నిన్న అతని సినిమా రిలీజైంది. పేరు ‘అందరి గొంతూ నాదే’. కొండ దిగి ఎస్.కోటలో మ్యాట్నీ చూశాను. హీరో లేడు. హీరోయిన్ లేదు. పాట లేదు, ఫైటు లేదు. ఒక మనిషి బీచిలో బయలుదేరి కొండెక్కి అరకులో మా ఊరి దాకా నడిచొస్తాడు, అంతే కథ. దారిలో తగిలేవాళ్ళంతా నిజం మనుషులు, యాక్టర్లు కారు. కానీ ఎవరు నోరు తెరిచినా వచ్చేది అతని గొంతే. ఎమ్మార్వో, టీకొట్టు ముసలాడు, రైలింజను, కుక్క, చివరికి అతని సొంత తల్లి. అందరికీ అతనే డబ్బింగ్.

ఇంటర్వెల్‌కి హాలు రెండు ముక్కలైంది. ఇదేటి సినిమారా బాబూ, రేడియో నాటకానికి బొమ్మలెట్టీసినాడు అని ముందు బెంచీలవాళ్ళు తెరమీదికి చెప్పు విసిరారు. మూసుకుని కూకోండెహె, ఎప్పుడూ ఆ ఫైట్లేనా, అని కాలేజీ గుంటలు వెనకనుంచి తిరగబడ్డారు. గేట్‌మేన్ వచ్చి ఇద్దర్ని బయటికి లాగాడు.

తర్వాత సోని వచ్చింది. తెర నిండా మా అక్క ముఖం. కళ్ళెర్రజేసి, చెయ్యి ఊపుతూ, ఏదో గట్టిగా అంటోంది. బయటికొచ్చింది మాత్రం దీర్ఘాలు తీసే దొంగ ఆడగొంతు. బాబూ, సబ్బిత్తే నీ ఎనకే వచ్చేత్తాను బాబూ.

చెప్పు విసిరినవాళ్ళూ వాళ్ళమీద తిరగబడ్డవాళ్ళూ కలిసి నవ్వారు. మొత్తం సినిమాలో వాళ్ళు కలిసింది అక్కడొక్కచోటే.

ఫిబ్రవరి 12

అసలు ఏం జరిగిందో రాసిపెట్టాలి. లేకపోతే నాకే అనుమానం వస్తుంది.

పోయిన చైత్రం. ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి కోసం ఊరి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళు పట్టుకుని కాసుకుని ఉంటారు. ఆ రోజు ఎవరిని ఎంత మాటన్నా తప్పులేదు. మొగుడైనా, మామైనా, ఊరి పెద్ద బుధు తాతైనా పడాల్సిందే.

దేవీప్రసాద్ వేటగాళ్ళ వరసలో చివర నిలబడి వచ్చాడు. చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. కెమెరా పనసచెట్టు పక్కన. సోని కుండెడు పేడనీళ్ళూ అతని నెత్తిన దిమ్మరించి మా భాషలో అంది. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: ఓ పట్నం దొరా, కుందేలేదీ? నిన్ను సూసి నవ్వి నవ్వి సచ్చిపోనాదా? సచ్చినదాన్నైనా ఏరుకు రాలేకపోనావా? నీకన్నా మా పిల్లి నయం, ఎలకనైనా తెత్తాది. ఇంటికాడ నీకు కూడెవలెడతన్నారు, పిల్లే ఎడతందా?

ఆడవాళ్ళు కిందపడి దొర్లారు. అతను అర్థం అడిగాడు. పొల్లుపోకుండా తెలుగులో చెప్పింది నేనే. పేడనీళ్ళు గడ్డం మీంచి కారుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. మీ అక్క నాకంటే పెద్ద ఆర్టిస్టు తమ్ముడూ అన్నాడు.

అంటే తెలిసే మార్చాడు.

ఫిబ్రవరి 13

నర్సు ట్రైనింగు నుంచి సెలవు పెట్టి పండక్కి రమ్మని అక్కకి ఉత్తరం రాసింది నేను.

ఫిబ్రవరి 16, గురువారం

ఎందుకు నమ్మాను? రెండేళ్ళ కింద అరకు గ్రౌండులో అతని షో చూశాను. మంత్రి గొంతుతో మంత్రినే కడిగేశాడు. కలెక్టరాఫీసు ప్యూన్ గొంతుతో కలెక్టరాఫీసుని కడిగేశాడు. కళ ప్రజల కోసం అని నేను చదివే ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. ఇదిగో, మనిషి దొరికాడనుకున్నాను. హీరో లేని సినిమా అంటే ప్రజలే హీరో అనుకున్నాను. అతన్ని పండక్కి రానివ్వమని ఊళ్ళో మీటింగు పెట్టి మరీ చెప్పాను. అందరూ నన్ను నమ్మారు.

ఇవాళ బస్టాండు టీకొట్లో రెండు పేపర్లు చూశాను. ఒకటి తెలుగు సినిమాకి కొత్త దారి అంది. ఇంకోటి ఇది సినిమా కాదు, వాగుడు అంది. మొదటాయన సబ్బు డైలాగు ఈ ఏటి మేటి అన్నాడు. రెండో ఆయన ఉన్న ఒక్క నవ్వూ అదే అన్నాడు. ఆ అమ్మాయి ఎవరని ఇద్దరూ అడగలేదు.

ఫిబ్రవరి 19, ఆదివారం

సోని వచ్చేసింది. పెట్టె, పరుపు సహా.

కింద విశాఖలో ఏఎన్ఎం ట్రైనింగు ఇంక నాలుగు నెలలే ఉంది. జనవరి నుంచి టీవీలో సినిమా ప్రకటనకి ఆ సబ్బు ముక్కే రోజుకి పదిసార్లు వేస్తున్నారట. వార్డు డ్యూటీ అంటే ప్రతి మంచానికీ ముందు చేతులు కడుక్కోవాలి. కుళాయి దగ్గర సబ్బు తియ్యగానే ఎవరో ఒకరు ఆ మాట అంటారట. మొదట ఒక పేషెంటు తమ్ముడు. తర్వాత వార్డంతా. తర్వాత హాస్టల్లో పక్కమంచం పిల్ల. నిన్న ఒక బాలింత, తొలికాన్పు, సోని చేతుల్లోంచి బిడ్డని అందుకుంటూ అందట. కోపంగా కాదురా, పేమగా అన్నాది, అదే ఓర్సుకోలేకపోనాను అంది అక్క. చేతులు తుడుచుకుని బయటికొచ్చేసిందట.

పదిహేను రోజులు కనబడకపోతే పేరు కొట్టేస్తారు. మార్చి ఆరు, సోమవారం పొద్దున్న డ్యూటీలో ఉండాలి. లేకపోతే ఏడాది పైన చదివింది పోయినట్టే. మా అమ్మ పోయేముందు ఆసుపత్రిలో మూడు రోజులుంది. నొప్పెక్కడో చెప్పింది. మా మాట తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. సోని నర్సవుతానన్నది అందుకు.

ఫిబ్రవరి 21, ఉదయం 11

ఎస్టీడీ బూత్ నుంచి దేవీప్రసాద్‌కి ఫోన్ చేశాను. గుర్తుపట్టాడు. ఏం ఫల్గుణా, సినిమా చూశావా, సగం మంది నన్ను తంతామంటున్నారు, సగం మంది మొక్కుతున్నారు అని నవ్వాడు. అక్క సంగతి చెప్పాను.

విని అన్నాడు, ముందు మీ అక్క మాటలే పెట్టాను తమ్ముడూ, ఫ్రెండ్స్‌కి వేసి చూపించాను, ఎవడూ నవ్వలేదు. వాళ్ళకి అర్థం చెప్పాలి కదా అన్నాను. అర్థం చెప్పి నవ్వించేదాన్ని జోకనరు అన్నాడు. నేను అందర్నీ ఎక్కిరించాను, మా అమ్మని కూడా అన్నాడు. మీ అమ్మ చేతులు కడుక్కుంటే వార్డంతా నవ్వుతోందా అని అరిచాను. లైన్ కట్ అయింది. నేనే పెట్టేశానేమో.

ఫిబ్రవరి 24, శుక్రవారం

సంత రోజు. రైల్వేగేటు దగ్గర అప్పారావు వీడియో హాల్లో దొంగ సీడీ. మా ఊరంతా వెళ్ళారు. వెళ్ళొద్దని దారికి అడ్డం నిలబడ్డాను. బుధు తాత నన్ను చేత్తో పక్కకి జరిపి, తప్పుకో గుంటడా, నా ముకం సినిమాలో ఉందట సూడాల అన్నాడు.

సోని సీను రాగానే హాలు పగిలిపోయింది. అంత నవ్వు ఎస్.కోటలో కూడా లేదు. మా నాన్నమ్మ బెంచీ మీంచి జారిపోయింది. నేను వెళ్ళి స్విచ్చి ఆపేశాను. బానిసలు, మిమ్మల్ని చూసి మీరే నవ్వుకుంటున్నారు అని అరిచాను. బుధు తాత కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, నీకేటైనా పిచ్చా? మేం నవ్వింది ఆడు తిన్న తిట్లకి. నోరు ఆడతంది కదా, మాకినబడదేటి? పిల్లి కూడెడతందా అన్నాది మీ అక్క. ఆ దొంగ గొంతెవడికి కావాల?

మళ్ళీ వెయ్యమన్నారు. అప్పారావు మూడుసార్లు వేశాడు.

అదే రోజు సాయంత్రం

ఆనందంగా పరిగెత్తి సోనికి చెప్పాను. మనవాళ్ళకి నీ మాటే వినబడిందక్కా అని. చోళ్ళు చెరుగుతోంది. చేట ఆపకుండా అంది, మీకు తెలుసు గనక ఇనబడింది, ఆ బాలింతకెవలు సెప్తారు?

ఫిబ్రవరి 27, సోమవారం

సీడీలు తగలబెట్టాలని పిలుపిచ్చాను. ముగ్గురొచ్చారు. ఒకడు అగ్గిపెట్టె అడగడానికి.

ఫిబ్రవరి 28

రాత్రంతా కూర్చుని కరపత్రం రాశాను. రెండు పేజీలు. నేను సోనిని, ఆదివాసీ బిడ్డని, అవమానంతో రగిలిపోతున్నాను, సాంస్కృతిక దాడిని ప్రతిఘటిస్తాను. నేను రాసినవాటిలో ఇదే గొప్పది. పొద్దున్నే అక్కకిచ్చాను. నించునే చదివింది. రెండుసార్లు.

ఇది నానన్నానా? అంది.

నీ తరఫున రాశానన్నాను.

ఆడూ నా తరఫునే మాటాడినాడు. ఆడికి నవ్వు కావాల, నీకు నిప్పు కావాల. నన్నడిగినోలు ఇద్దర్లో ఎవలూ లేరు. ఆడు ఎవడో పట్నం గుంటడు, పోనీ. నువ్వేటిరా?

కాగితం చింపలేదు. మడిచి నా చేతిలో పెట్టింది. చింపినా బాగుండేది.

మార్చి 2, గురువారం

నిన్న ఏమీ రాయలేదు.

ఇవాళ నాన్నమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. నాను కిందకెల్తాను, ఆ కుళాయి పక్కన కూకుంటాను, ఎవలు సబ్బంటే ఆలకి పిల్లి సంగతి సెప్తాను అంది. నీకు తెలుగు రాదు కదే అంటే, నాను మన మాటలో తిడతాను, తెలుగు చెయ్యడానికి మనవరాలు లేదేటి, అంది. పక్కింటి గంగాభవాని పిన్ని, అయితే నేనూ వస్తానంది. ఇంకో నలుగురు నవ్వుతూ లేచారు. ఆ రోజు అక్కడ పేడనీళ్ళు పట్టుకున్నవాళ్ళే అందరూ. సాక్షులు.

ఇంతమందిని వార్డులోకి రానివ్వరు, గేటు దగ్గరే ఆపేస్తారు అన్నాను. నా మాట ఎవరూ వినలేదు. గేటుకాడే సెప్తాం, ఆలు మాత్రం నవ్వొద్దేటి, అంది పిన్ని.

సోని చేతిలో చేట పక్కన పెట్టింది. తర్వాత అంది. తెలుగులో నానే సెప్తాను. నాను ఒక్కదాన్నే అయితే రైలెక్కను. మీరొస్తే ఎక్కుతాను.

నావైపు తిరిగి, నీ జెండాలొద్దు, కాగితాలొద్దు, అంది. సరే అన్నాను. నోరు మూసుకోవడం ఇంత కష్టమని ఏ కరపత్రంలోనూ రాయలేదు.

గేటు దగ్గర నవ్వుతారా? నవ్వరేమో. దేవీప్రసాద్ ఫ్రెండ్స్ నవ్వలేదు. తెల్లబట్టలవాళ్ళు పొమ్మంటారేమో. తెలియదు.

మార్చి 4, శనివారం, సాయంత్రం 4

ఇంటింటికీ చెప్పాల్సింది ఇంతే.

రేపు ఆదివారం. మధ్యాహ్నం రెండు గంటలు. అరకు స్టేషను, విశాఖ వెళ్ళే ప్యాసింజరు. సోనితో కిందికి దిగడానికి.

ఎందుకని అడిగితే అక్కనే అడగమనాలి. నేను ఒక్క ముక్క కలపకూడదు.

రెండింటికి. బేగి రండి.