మామ్మ అడగని లైటు

మార్చి 7, శుక్రవారం

రంజాన్ రోజా విడిచి ఖర్జూరం నోట్లో పెట్టుకున్నానో లేదో తలుపు చప్పుడైంది. కింది వాటా యూదుల మామ్మ. లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కి వచ్చింది. ఒకటే ఆయాసం. వాళ్ళ స్నానాల గది చీకటిగా ఉందని చెప్పి నిలబడింది. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దంది. అలాగని వెళ్ళనూ లేదు.

అత్తయ్యకి తెలుసు. కిందికెళ్ళి స్విచ్ వేసి రమ్మంది. శుక్రవారం పొద్దు కుంకింది మొదలు శనివారం చీకటి పడేదాకా వాళ్ళు స్విచ్ ముట్టరట. వెయ్యమని ఇంకొకరిని అడగనూ కూడదట. ఉన్నమాట అనొచ్చట. అదీ వాళ్ళలో కొందరు ఒప్పుకోరట.

పొద్దు ఒక్కటే. అది కుంకితే నాకు నోరు తెరుచుకుంటుంది, మామ్మకి చేతులు కట్టుబడతాయి.

మార్చి 9

పాప సరిగ్గా తాగడం లేదు. తాగడానికి నా దగ్గర పాలుంటేగా.

మార్చి 11, మధ్యాహ్నం

క్లినిక్‌లో నర్సు పాప వెయిట్ చూసి పెదవి విరిచింది. పోయిన నెల ఎంతో ఇప్పుడూ అంతే. నువ్వు తింటున్నావా అంది. తలూపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

నేను చదివింది ఐదో క్లాసే అయినా అరబీ నేర్పిన ఉస్తానీ చెప్పింది మర్చిపోలేదు. బిడ్డకి పాలు చాలవని భయపడే తల్లి రోజా మానొచ్చు, తర్వాత ఉండి తీర్చుకోవచ్చు. కానీ అత్తయ్య ముందు నాకు నోరు పెగలదు. నలుగుర్ని కన్నాను, ఒక్క రోజా వదల్లేదని రోజూ ఎవరో ఒకరికి చెబుతుంది. ఎవరూ దొరక్కపోతే నాకు చెబుతుంది.

మార్చి 12

మామ్మ పద్ధతి ఆయన మీద ప్రయత్నించాను. పాప గుడ్డ పొద్దుటి నుంచి పొడిగానే ఉందండీ అన్నాను. ఆయన బూట్లు తుడుచుకుంటూ, మంచిదేగా, ఉతుకుడు తప్పింది అన్నారు.

లిఫ్టులు రిపేరు చేసే మనిషి. బటన్ నొక్కితే తప్ప కదలరు.

మార్చి 14, శుక్రవారం

మామ్మ మళ్ళీ వచ్చి చీకటంది. కిందికెళ్ళి లైటు వేశాను. వచ్చేస్తుంటే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. మామ్మ రెక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. అంతా చెప్పేశాను. పరాయి మనిషి కాబట్టే చెప్పగలిగానేమో.

వాళ్ళకీ పెద్ద ఉపవాసం ఒకటుందట. ప్రాణం మీదికొస్తే మాత్రం తినాల్సిందే, అదీ నియమమేనట. గుండె జబ్బుతో ఉండి కూడా వాళ్ళాయన తిననని మొండికేస్తే, గురువే వచ్చి చెంచాతో పెట్టాడట. మా ఆయనకి పాప గుడ్డ సంగతి చెప్పి చూశానంటే మామ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది.

"నేను అడక్కూడదని మా నియమం. నువ్వు అడగొద్దని ఎక్కడ రాశారే పిల్లా?"

మార్చి 15, మధ్యాహ్నం

అత్తయ్య బట్టలు మడత పెడుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"రేపటి నుంచి రోజా ఉండను అత్తయ్యా. పాపకి పాలు చాలట్లేదు. తర్వాత తీర్చుకుంటాను."

మడతలు ఆపలేదు. దుప్పటి అయింది, తువ్వాళ్ళు అయ్యాయి. నేను లేవబోయాను.

"నా రెండోవాడికి డబ్బా పాలు పట్టాను," అంది. "మా అత్తని అడిగే ధైర్యం లేక."

పాప గుడ్డలన్నీ ఒక పక్కకి పెట్టి, నా వంక చూడకుండానే మళ్ళీ అంది.

"రేపటి నుంచి ఏమిటి? పాప ఇవాళ తాగదా? వంటింట్లో రొట్టెలున్నాయి, పో."

నిలబడే తినేశాను. ఏడుస్తూ తిన్నాను. ఉప్పగా ఉన్నాయి.

మార్చి 18

ఆయన పనికి వేసుకెళ్ళే చొక్కా మీద పాప ఉచ్చ పోసింది. పాలు అందుతున్నాయి, ఉండనీ అని అత్తయ్య మార్చుకోనివ్వలేదు. అలాగే వెళ్ళారు.