నిలవడ్డరు

సూరత్, గోడాదరా.

చిరంజీవి సదానందానికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ రోజు దశాహం. పోయినవారికి తిలోదకాలిచ్చి, ఉన్నవారు తమ తప్పు ఒప్పుకోవలసిన దినం. సరిహద్దు ఏటి దారి మూసి ఉండగా ఆవలి గట్టున మరణించిన ఒక స్త్రీకి నేడిక్కడ నీళ్లు వదిలాం. ఆమె సుమన్‌కు అక్క. సుమన్ పొరుగుదేశపు సైనిక పాలనను ఎదిరించి, తప్పించుకొని వచ్చిన ప్రవాసి. మన మరమగ్గాల మధ్య తెలుగు నేర్చాడు. ఆ పేరు మనవాళ్లు పెట్టిందే.

అతని వాంగ్మూలాన్ని విదేశీ వ్యవహారాలు చూసే నీ పైఅధికారులకు రాసి పంపినవాణ్ణి నేనే. ఆ గట్టున ఉండిపోయిన తనవారి గురించి "మావోళ్లు నిలవడ్డరు, పంతులూ" అన్నాడతడు. కావ్యాలు చదివిన నా చెవికి అది రణంలో నిలిచిన వీరుల మాటగా వినిపించింది. "ధైర్యంగా నిలిచి పోరాడుతున్నారు" అని రాశాను. పైవారు దాన్ని నమ్మి, వారికి ఆశ్రయం అక్కరలేదని దారి తెరవలేదు.

నిన్న మగ్గం నడిపే నర్సింగం నా దగ్గరున్న ఆ వాంగ్మూలం నకలు చదివి నిర్ఘాంతపోయాడు. "ఏంది పంతులూ, మగ్గం నిలవడ్డదంటే ఆగిపోయినట్టే గద. వాళ్లు ఓడిపోయిండ్రని చెప్పిండు గాయన."

నేటి తిలోదకాలకు సుమన్ నన్నే మంత్రం చెప్పమన్నాడు. అదే భరించలేకున్నాను.

ఇంకా రెండు వందల మంది ఆ గట్టునే ఉన్నారు. ఈ ఉత్తరాన్ని పైవారి ముందుంచి, తప్పు నాదని చెప్పి, దారి తెరిపించు నాయనా.

ఆ దారిన వచ్చే పిల్లలు, వారికి పుట్టబోయేవారు, తమ మాట తామే చెప్పుకోగల చోట నూరేళ్లు వర్ధిల్లుదురు గాక.