సూదిలో నీళ్లు

టెక్సాస్,
4 సెప్టెంబర్ 1979

ప్రియమైన నరసింహం గారికి,

శ్యామ్‌సుందర్ నమస్కారాలు. మీరు ప్లెయిన్స్‌బరోలో లైబ్రరీ సగం చదివేశారని మీ అమ్మాయి వసుమతి ఫోన్‌లో చెప్పింది. తెనాలిలో నా తొలి క్లినిక్‌లో మీరు కాంపౌండర్‌గా ఉన్నప్పుడూ అంతే, మందు సీసాల వెనక నవల ఉండేది. ఇప్పుడు మీ పుస్తకాల పిచ్చితో, సినిమాల పిచ్చితో నాకు పనిపడింది.

ఆరేళ్ల క్రితం ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి నేను డాక్టర్‌ని. వెండెల్ అనే ఆటగాడికి ఒక మ్యాచ్‌లో మోకాలు వాచిపోయింది. హాఫ్‌టైమ్‌లో కోచ్ వచ్చి, "కాలు మొద్దుబారే ఇంజెక్షన్ ఇవ్వు, డాక్. వాడు ఆడి తీరాలి" అన్నాడు. ఆ మోకాలితో ఆడితే జన్మంతా కుంటే. కాదందామంటే నా గ్రీన్ కార్డ్ కాగితాలు కాలేజీ చేతిలో ఉన్నాయి. సిరంజిలో మందు బదులు సెలైన్ నీళ్లు ఎక్కించి పొడిచాను. నొప్పి తగ్గలేదు, అతను లేవలేదు, జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడింది. పెద్ద జట్లవాళ్లెవరూ అతణ్ని తీసుకోలేదు. ఊరు విడిచి వెళ్లిపోయాడు.

ఆ వెండెల్ రాసిన పుస్తకం ఇప్పుడు సినిమా అయింది. అందులో ఒక డాక్టర్ ఉన్నాడట! షాపులో ఆ పుస్తకం ముట్టుకోడానికే నాకు చెయ్యి రాలేదు. నా నీళ్ల సంగతి బయటపడితే లైసెన్స్ పోతుంది. ఫుట్‌బాలే దేవుడైన ఈ ఊరు నన్ను బతకనివ్వదు. మా ఆవిడ మీనాక్షికి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

సినిమా ముందు మీ వైపు వస్తోంది. చూసి, ఆసుపత్రి అడ్రస్‌కి రాయండి.

భయంతో,
మీ శ్యామ్‌సుందర్

---

ప్లెయిన్స్‌బరో,
2 అక్టోబర్ 1979

ప్రియమైన డాక్టరు బాబుకి,

నరసింహం ఆశీస్సులు. ముందు ఊపిరి తీసుకోండి. మీరు సినిమాలో లేరు. ఇక నా పద్ధతిలో మొదటినుంచీ చెబుతాను.

వసుమతి డ్రైవ్ చేసింది. హాల్లో మనవరాలు విద్య పక్కన కూర్చుని ఆట బోధించింది. ఒకడు బంతి చంకలో పెట్టుకుని పరిగెడతాడు, మిగతావాళ్లు వాడిమీద కుప్పగా పడతారు, జనం లేచి చప్పట్లు కొడతారు.

"వాణ్ని లేపరేమే?" అన్నాను.

"తాతా, ప్లీజ్! జస్ట్ వాచ్ చెయ్యి!"

మన క్లినిక్ గుర్తొచ్చింది. కొల్లిపర నుంచి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. పేరు రాయను, ఆయన మేనల్లుడు ఇక్కడే రెండు వీధుల అవతల ఉన్నాడు. సూది పొడవందే వైద్యం కాదనేవాడు. ఒంట్లో ఏ రోగమూ లేదు. మీ చీటీ లేకుండానే డిస్టిల్డ్ వాటర్ పొడిచేవాణ్ని. నడుం నొప్పి మాయమైందని గుమ్మడికాయ మోసుకొచ్చేవాడు! ఆ కిటుకు మీరు నా దగ్గర కాజేసిందే. గురుదక్షిణ ఇంకా రాలేదు.

సరే, సినిమాలో డాక్టరు ఆరడుగుల తెల్లవాడు, నోట్లో చుట్ట. అసలైన మందే పొడుస్తాడు. హీరో ఆడి గెలిపిస్తాడు, మోకాలు నాశనమవుతుంది. చివర చేతికర్రతో ఖాళీ మైదానంలో ఒక్కడే నడుస్తాడు. వసుమతి ఏడ్చింది. నేను పాప్‌కార్న్ అడ్డం పెట్టుకున్నాను.

అయితే ఆ కర్ర నాకు మింగుడు పడటం లేదు. పుస్తకం తెప్పించి చదివాను, అందులోనూ కర్రే. అసలు వెండెల్ ఎలా నడుస్తున్నాడో మీకు తెలుసా?

ఇంకొకటి, పెద్దవాణ్ని కాబట్టి అంటున్నాను. నా నీళ్లు ఉత్తుత్తి నొప్పి మీద పొడిచినవి. మీవి ఒకడి బతుకు మీద పొడిచినవి. మోకాలు ఎవరిదో వాణ్ని అడగాల్సింది, బాబూ.

మీ శ్రేయస్సు కోరే,
నరసింహం

---

టెక్సాస్,
22 అక్టోబర్ 1979

ప్రియమైన గురువుగారికి,

మీ ఉత్తరంతో లైసెన్స్ భయం పోయింది, కర్ర భయం పట్టుకుంది. రెండు వారాలు కనబడిన ప్రతి కుంటివాడూ వెండెల్లాగే ఉన్నాడు.

మొన్న శుక్రవారం సినిమా మా ఊరు వచ్చింది. దానితో వెండెల్ కూడా వచ్చాడు. నిన్న ఆదివారం పొద్దున మీనాక్షి పెసరట్లు వేస్తుంటే మా వాకిట్లో కారు ఆగింది. మా గుమ్మానికి తొమ్మిది మెట్లు. రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. నేను అతని ముఖం చూడలేదు, మోకాళ్లే చూస్తూ నిలబడ్డాను.

"డాక్, ఆ రోజు సూదిలో ఏముంది?"

"నీళ్లు" అన్నాను. మీనాక్షి చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"తెలుసు. అంతకుముందు ఇంకో డాక్టర్ రెండుసార్లు పొడిచాడు. కాలు కొయ్యబారిపోయేది. మీది చురుక్కుమంది, అంతే."

"మరి కోచ్‌కి చెప్పలేదేం?"

"నాకూ ఆడాలని లేదు. వద్దనడానికి నోరు రాలేదు."

ఒకే గదిలో ఇద్దరు పిరికివాళ్లం, గురువుగారూ. ఆరేళ్లకు తెలిసింది!

"పుస్తకంలో అలా రాశావేం?" అన్నాను.

"నిజం రాస్తే మీ లైసెన్స్ పోతుంది. పైగా కాలు బాగున్న హీరోని చూడ్డానికి టికెట్ ఎవరు కొంటారు?" నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "అయినా నన్నడగాల్సింది, డాక్."

"అవును. తప్పు నాదే."

తలూపి, కుర్చీ లాక్కుని నాలుగు పెసరట్లు తిన్నాడు. మీ సంగతి చెబితే పుస్తకం మీద 'నీళ్ల గురువుకి' అని సంతకం చేసి ఇచ్చాడు, పంపుతున్నాను. గురుదక్షిణ ముట్టినట్టే. మీనాక్షి మాత్రం నిన్నటినుంచి నాతో "ఇంకోటి వెయ్యనా?" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆరేళ్లు దాచినందుకు ఆ మాత్రం ఉండాలి.

వెళ్లేటప్పుడు వెండెల్ ఆఖరి నాలుగు మెట్లూ ఒక్క గెంతులో దిగాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కారు దగ్గర నిలబడి, కావాలనే ఆ కాలు ఎత్తి ఊపి చూపిస్తున్నాడు.

తేలికపడ్డ గుండెతో,
మీ శ్యామ్‌సుందర్