డెబ్బై గేట్ల వెంట

నవంబర్ 6, గురువారం

లీవులు శాంక్షనయ్యాయి. వరసగా కాదు, ముక్కలు ముక్కలుగా. ఐదు శనివారాలు. ఆరోది ఆదివారం, ఆ రోజు డయాలసిస్ యూనిట్‌కి ఎలాగూ సెలవే. ఇన్‌ఛార్జ్ సంపూర్ణమ్మ గారు రోస్టర్ మీద పెన్ను ఆడిస్తూ, ఏమ్మా క్రిస్టినా, పెళ్ళిచూపులా అనడిగారు. కాదండీ, పాటలు అన్నా. క్రిస్మస్ కూడికలు అనుకున్నారు. అనుకోనిచ్చా.

తెనాలి, రేపల్లె, బందరు, అవనిగడ్డ, గుడివాడ, చివరికి బెజవాడ. బ్యారేజీ గేట్ల లెక్కే పేరుగా పెట్టుకున్న బ్యాండ్, "డెబ్బై గేట్లు", వాళ్ళ డెల్టా టూర్. ఆరూ చూడాలి. ఒక్కటి పోయినా చూసినట్టు కాదు.

ఇరవై తొమ్మిదేళ్ళదానికి ఈ పిచ్చేంటి అంటుంది అమ్మ. పోయినేడు వరదప్పుడు అమ్మకేం, గుంటూరులో పిన్ని వాళ్ళింట్లో ఉంది. భవానీపురంలో మేడ మీద మూడు రోజులున్నది నేనూ నాన్నా. కింద నీళ్ళు, కరెంట్ లేదు. ఫోన్‌లో డౌన్‌లోడ్ అయి ఉన్నవి నాలుగే పాటలు. నాలుగూ వీళ్ళవే. ఛార్జింగ్ అయిపోతుందని రోజుకి ఒక్కసారే వినేదాన్ని. అప్పట్నుంచీ వీళ్ళ సింగర్ కిరీటి గొంతు వింటే నా కాళ్ళ కింద నేల తగులుతుంది. ఇంతకంటే చెప్పడం రాదు.

నవంబర్ 8, శనివారం. తెనాలి, సాయంత్రం 4.40

గేటు తియ్యలేదు. ముందు నేనే ఉన్నా. లోపల సౌండ్ చెక్. డ్రమ్స్ వినపడుతున్నాయి, అంటే బాబీ వచ్చాడు. కీబోర్డ్ అమ్మాయి కీర్తన వచ్చింది. కిరీటి గొంతు ఇంకా లేదు. నిలబడలేకపోతున్నా. కూర్చోలేకపోతున్నా కూడా.

నవంబర్ 9, ఆదివారం

నా గొంతు పోయింది. "ఉక్కపోత" ఎత్తుకోగానే మొత్తం హాలు దూకింది. నేనూ దూకా. సేఫ్టీ పిన్ ఊడి చున్నీ ఎక్కడో పడిపోయింది. చర్చిలో నోరు తెరిచానంతే, సౌండ్ రాలేదు. అమ్మ చూసింది.

నవంబర్ 15, శనివారం. రేపల్లె

మధ్యలో కరెంట్ పోయింది. జెనరేటర్ వేసేలోపు కిరీటి మైకు కింద పెట్టి ఉత్త గొంతుతో పాడాడు. ఐదొందల మందిమి, చీమ చిటుక్కుమంటే ఒట్టు. కానీ "నీళ్ళొదిలారు" మూడో చరణంలో లైను మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. రెండుసార్లు. రికార్డ్‌లో ఆ లైన్ ఒక్క గుక్కలో ఉంటుంది.

ఫ్యాన్స్ గ్రూప్‌లో అందరూ అబ్బ ఏం ఫీలయ్యి పాడాడో అని రాశారు. నేనూ ఒక గుండె బొమ్మ పెట్టా.

నవంబర్ 22, శనివారం. బందరు, సాయంత్రం 5.30

సౌండ్ చెక్ అయ్యాక ఇరవై మందిని లోపలికి పంపారు, ఫొటోలకి. నా వంతొచ్చింది. కిరీటిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

మొహం ఉబ్బి ఉంది. కళ్ళ కింద సంచులు. చొక్కా చేతులు మడిచాడు, గోళ్ళతో గీరుకున్న చారలు. సాక్స్ పట్టీ కిందికి జరిగింది, అది ఉన్నచోట చర్మంలో గాడి. ఎవరో అమ్మాయి జంతికలు పెడితే వద్దన్నాడు, నోరంతా ఇనప చేదుగా ఉంటోంది అన్నాడు. నడుం నొప్పికట, పెయిన్ కిల్లర్ స్ట్రిప్ గిటార్ యాంప్ మీదే ఉంది, సగం ఖాళీ.

నవ్వమన్నారు. ఫొటోలో నేను నవ్వలేదు.

నవంబర్ 23, ఆదివారం

ఆరేళ్ళ నుంచి డయాలసిస్ చేస్తున్నా. ఆ మొహం నాకు తెలుసు. సోమ, బుధ, శుక్రవారాలు పన్నెండు కుర్చీల్లో పన్నెండు ఆ మొహాలే.

కాకపోవచ్చు. నిద్రల్లేక ఉబ్బి ఉండొచ్చు. టూర్ కదా, బయటి తిండి, ఉప్పు. గీరుకోవడం దోమలకి కావచ్చు.

ముప్పై ఒక్కేళ్ళు అతనికి.

ఫ్యాన్‌గా వెళ్ళా. నర్సునై తిరిగొచ్చా. నాకిది ఇష్టం లేదు.

నవంబర్ 25, మంగళవారం

పోస్టర్ మీదున్న నంబర్‌కి ఫోన్ చేశా. బాబీయే ఎత్తాడు, షోలన్నీ అతనే చూసుకుంటాడట. సింగర్ గారికి ఒక్కసారి బీపీ, కిడ్నీలకి చేసే క్రియాటినిన్ టెస్ట్ చేయించండి అన్నా. ఎవరు మీరు అన్నాడు. నర్సుని, మీ ఫ్యాన్‌ని అన్నా. అక్కా, అని మొదలుపెట్టి, ప్రతి ఊళ్ళో మీలాంటివాళ్ళు పదిమంది ఉంటారక్కా, ఒకరు దిష్టి తీస్తానంటారు, ఒకరు జాతకం బాగాలేదంటారు, మా వాడికేం రోగం లేదు, మూడు షోలున్నాయి, ప్రశాంతంగా చెయ్యనివ్వండి అన్నాడు. పెట్టేశాడు.

మర్యాదగానే మాట్లాడాడు. అదే మంట.

నవంబర్ 27, గురువారం

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటే అంటోంది అమ్మ. అన్నం ముందు కూర్చుని లేచిపోయానట. నాకు గుర్తు లేదు.

నా మాట వింటే టూర్ ఆగిపోతుంది. ఆపింది నేనే అవుతా. వినకపోతే ఆర్నెల్లకో ఏడాదికో మాస్క్ పెట్టుకుని నా యూనిట్‌కే వస్తాడు. అంతకంటే ఘోరం కూడా జరగొచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఎమర్జెన్సీలో పడినవాళ్ళని చూశా.

నవంబర్ 29, శనివారం. అవనిగడ్డ, మధ్యాహ్నం 3.15

దారిపొడుగునా రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. బస్సు పాకింది. నాకు దిగి పరిగెత్తాలనిపించింది. ఇవాళ అతనికే చెప్తా. బాబీకి కాదు.

అదే రోజు, రాత్రి

చెప్పలేదు. చేశా.

ఫంక్షన్ హాల్ వెనక మెట్ల మీద కూర్చున్నాడు, షో ముందు. బూట్లిప్పి. చుట్టూ పదిహేను మంది, అందరి చేతుల్లో ఫోన్లు. నోటిదాకా వచ్చింది. ఇంతమందిలో నీకు కిడ్నీలు పోతున్నాయని ఒక మనిషితో ఎలా అంటాం? మోకాళ్ళ మీద కూర్చున్నా. కుడికాలి చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టుకున్నా. పది అంకెలు లెక్కపెట్టి తీశా.

గుంట పడింది. నా వేలు మొత్తం పట్టేంత గుంట. పూడలేదు.

అతను దాన్నే చూస్తున్నాడు. నేనూ చూస్తున్నా. రేపు పొద్దున్నే బ్లడ్ టెస్ట్ చేయించుకోండి, ఆ నొప్పి మాత్రలు ఇంక వేసుకోవద్దు అన్నా, అతనికొక్కడికే వినపడేట్టు. ఈలోపు బాబీ వచ్చి నన్ను భుజం పట్టి లేపాడు. వెనకాల ఎవరో ఈల వేశారు.

షోకి ఉండలేదు. గేటు బయట బస్సు కోసం నిలబడి విన్నా. మూడో చరణం అసలు పాడలేదు. దాటేశాడు.

నవంబర్ 30, ఆదివారం

వీడియో వచ్చింది. "కాళ్ళ మీద పడ్డ లేడీ ఫ్యాన్." వెనకాల ఏదో భక్తి మ్యూజిక్ వేశారు. నలభై వేల మంది చూశారు.

చర్చి నుంచి వచ్చేసరికి అమ్మ దగ్గరికీ చేరింది.

డిసెంబర్ 1, సోమవారం

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. మనం దేవుడి దగ్గర తప్ప మోకాలు వంచం క్రిస్టీ, ఒక మనిషి కాళ్ళు పట్టుకున్నావా, అదీ పాటగాడివి అంది. నాన్న టీవీ సౌండ్ పెంచాడు.

పట్టుకోలేదమ్మా, నొక్కా అని చెప్తే? ఎందుకు నొక్కావు అంటుంది. అతని జబ్బు ఊరికి చెప్పినట్టవుతుంది. పేషెంట్ విషయం బయటపెట్టకూడదని మొదటి ఏడాదే నేర్పారు. అతనింకా పేషెంట్ కూడా కాదు.

తలొంచుకు కూర్చున్నా. సిగ్గుతో అనుకుంది.

డిసెంబర్ 3, బుధవారం

యూనిట్‌లో మూడో కుర్చీ మాణిక్యం గారు, సూది గుచ్చుతుంటే, నా కాళ్ళ మీద కూడా పడతావా అమ్మా అని జోకేశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. సూది నరం తప్పింది. ఆరేళ్ళలో నాకు తప్పడం ఇది రెండోసారి.

డిసెంబర్ 6, శనివారం

గుడివాడ షో ఇవాళే. వెళ్ళలేదు.

లీవు పెట్టిన రోజు ఇంట్లో కూర్చుంటే ఎంత పొడుగో. బీరువా సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దా. ఆరింటికి గ్రూప్ చూశా. "అనివార్య కారణాల వల్ల షో వాయిదా." కింద రెండొందల మెసేజ్‌లు. వాళ్ళలో ఒకతను రాశాడు, ఆ కాళ్ళ మీద పడ్డావిడ దిష్టే తగిలింది అని. పదిహేడు మంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

అంటే టెస్ట్ చేయించుకున్నాడు.

సంతోషపడ్డానా? పడ్డా. సర్దిన బీరువా మళ్ళీ తీశా.

డిసెంబర్ 8, సోమవారం

క్రియాటినిన్ పదకొండు. ఒకటి, ఒకటిన్నర దాటకూడనిది. పొద్దున మెడ దగ్గర కేథటర్ ట్యూబ్ వేసి కిరీటిని మా యూనిట్‌కి పంపారు. ఏడో కుర్చీ.

నన్ను వేరే కుర్చీలకి మార్చండి అని సంపూర్ణమ్మ గారిని అడిగా. ఆవిడ నా మొహం చూశారు, వీల్‌చెయిర్‌లో వస్తున్న మనిషిని చూశారు, వీడియో గుర్తొచ్చినట్టుంది. అప్పుడు అర్థమైంది ఆవిడకి. మొత్తం. ఓహో, అది చూడ్డానికా నొక్కింది అన్నారు. తర్వాత చాలా మామూలుగా, నువ్వు కాకపోతే ఇంకెవరు చేస్తారమ్మా, హెపరిన్ లోడ్ చెయ్యి అన్నారు.

లోడ్ చేశా. మెషిన్ ఆన్ అయ్యాక బాత్రూంలోకెళ్ళి ఏడ్చా.

నాలుగు గంటల్లో అతను ఒకటే మాట మాట్లాడాడు. మీ వేలు చాలా గట్టిది సిస్టర్.

డిసెంబర్ 10, బుధవారం

రాత్రి ఊపిరాడక లేచి కూర్చునేవాణ్ణి, టెన్షన్ అనుకున్నా అన్నాడు కిరీటి. టెస్ట్‌కి బాబీయే తీసుకెళ్ళాడట. రిపోర్ట్ చూసి ల్యాబ్ మెట్ల మీదే కూలబడ్డాడట. ఇవాళ బాబీ బయట బెంచీ మీద నాలుగు గంటలూ కూర్చున్నాడు. నేను అటు వెళ్ళినప్పుడల్లా లేచి నిలబడతాడు. మళ్ళీ కూర్చుంటాడు.

గ్రూప్‌లోంచి బయటికొచ్చేశా.

డిసెంబర్ 15, సోమవారం

ఫిస్టులా గురించి డాక్టర్ చెప్పారు. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టాలి, ఎక్కువగా వాడని చేతికి చేస్తారు, అంటే ఎడమ. గిటార్ తీగలు నొక్కేది ఎడమ చేత్తోనే అన్నాడు కిరీటి. అయితే కుడి అన్నారు డాక్టర్. వాయించేది కుడిచేత్తో అన్నాడు. డాక్టర్ గడియారం చూసుకున్నారు. వాళ్ళమ్మ గారు కిడ్నీ ఇస్తానని టెస్టులకి తిరుగుతున్నారు, అది తేలేదాకా కేథటరే ఉంచుదాం అన్నారు.

డాక్టర్ వెళ్ళాక చాలాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. నాకు అతని పాటలన్నీ కంఠతా వచ్చు. బీపీ రాసుకున్నా. 170/100.

డిసెంబర్ 19, శుక్రవారం

తిట్టాడు. నీళ్ళు రోజుకి లీటరు దాటొద్దంటే, మూడు కిలోలు పెరిగొచ్చాడు. ఇలాగైతే కష్టం అన్నా. మీరు నా వేలు పట్టుకుని నడిపించక్కర్లేదు, మీరు రాకముందు నేను బాగానే పాడుకునేవాణ్ణి అన్నాడు. యూనిట్ అంతా విన్నారు.

నిజమే. బాగానే పాడుకునేవాడు.

ఇంటికి నడిచొచ్చా. ఆటో ఎక్కి కూర్చోవడం నావల్ల కాలేదు.

డిసెంబర్ 22, సోమవారం

సారీ చెప్పాడు. తర్వాత అసలు సంగతి. బెజవాడ షో రద్దు చెయ్యట్లేదు. ఇరవై ఎనిమిదిన కీర్తన పాడుతుందట. బాబీ భయపడుతూ అడిగితే, ఇతనే సరేనన్నాడట.

మీరు వెళ్ళి చూసి ఎలా ఉందో చెప్పాలి అన్నాడు. బాబీ నా మొహం చూసి అబద్ధం చెప్తాడు, ఫ్యాన్సూ అంతే, మీరైతే చెప్పరు, మీ సంగతి నా కాలికి తెలుసు అన్నాడు.

నేను వెళ్ళను అందామనుకున్నా. అతను లేని డెబ్బై గేట్లని చూడ్డమేంటి? సరే అన్నా.

డిసెంబర్ 25, గురువారం

చర్చిలో ముందు వరసలో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి గుసగుసలాడారు. అమ్మ లేచింది. నా పక్కకొచ్చి కూర్చుంది. మా అమ్మాయి నర్సు అండీ, రోజూ ఎన్నో కాళ్ళు పడుతుంది అంది, ముందు వరసకి వినపడేట్టు. అమ్మకెవరు చెప్పారో. సంపూర్ణమ్మ గారు చెప్పరు. నేనూ అడగలేదు. పాటల పుస్తకం ఇద్దరం ఒకటే పట్టుకున్నాం.

డిసెంబర్ 28, ఆదివారం. సాయంత్రం 6.05

వెనక వరసలో నిలబడ్డా. ఎవరూ గుర్తుపట్టకుండా మాస్క్. కాళ్ళు ఊరికే ఉండట్లేదు. కీర్తన బాగా పాడకూడదని కోరుకుంటున్నా. ప్రార్థన కూడా చేశా. ఛీ.

అదే రోజు, ఇంటికొచ్చాక

మొదటి పాట తడబడింది. జనం కిరీటి, కిరీటి అని అరిచారు. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. రెండోది "నీళ్ళొదిలారు". తన శ్రుతికి మార్చుకుంది. మెల్లగా, చిన్నపిల్లకి జోల పాడుతున్నట్టు. మూడో చరణం ఒక్క గుక్కలో.

నేను దూకలేదు. కానీ పాట అయ్యేసరికి ముందు వరసలో ఉన్నా. ఎలా వచ్చానో తెలీదు. మాస్క్ తడిసిపోయింది.

ఆ ఐదు నిమిషాలూ కిరీటి గుర్తు రాలేదు. ఒక్కసారి కూడా. ఇది రేపు పొద్దున ఏడింటికి అతనికి చెప్పాలి.

డిసెంబర్ 29, సోమవారం

చెప్పా. అంతా. మీరు గుర్తు రాలేదని కూడా.

కళ్ళు మూసుకున్నాడు. మెషిన్ తిరుగుతోంది. పక్క కుర్చీల బీపీలు రాసుకొచ్చా. నిద్రపోయాడనుకుని లైట్ ఆపబోతే, ఎలా పాడిందో పాడండి అన్నాడు. నాకు రాదన్నా. పాడండి సిస్టర్ అన్నాడు.

పన్నెండు కుర్చీల మధ్య నిలబడి "నీళ్ళొదిలారు" పాడా. రెండో లైన్ దగ్గర చెయ్యెత్తి ఆపాడు. అక్కడ పైకి వెళ్ళకూడదు, కిందికి రావాలి అన్నాడు.

మళ్ళీ మొదట్నుంచి పాడా.