అరల కింద దీపాలు

చిట్టి చెల్లాయికి,

అక్కయ్య ఆశీస్సులు, వాటితోపాటు ఒక మొట్టికాయ. నీ కార్డు అందింది. "ముందు గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్" అని ఒకే ఒక్క వాక్యం రాశావు. హెడ్మిస్ట్రెస్‌గా ముప్పై ఏళ్లు సర్క్యులర్లు రాసిన చెయ్యి, రెండో వాక్యం ఖర్చుపెడితే ఒట్టు. ఈ నెలలో ఇది మూడో కార్డు. నేను జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. మా ఇంట్లో దీపాల ఎంపిక జరుగుతోంది. ఎన్నికలు ఇంతకంటే తొందరగా తేలతాయి.

మీ బావకి వంటింట్లో స్టైలు కావాలిట. రిటైరై పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో ఆయన వంటింట్లోకి వచ్చింది మంచినీళ్లకీ, "ఇంకా ఎంతసేపు?" అని అడగడానికీ. సర్వే ఆఫీసులో ఆయన కింద కొలతగొలుసు మోసిన చైన్‌మన్ ఉన్నాడు చూడు, భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. అతగాడు వంటగట్టు పైనున్న అరల కింద సన్నటి పట్టీ దీపాలు పెట్టించుకున్నాడట. బల్బు కనపడదట, వెలుగు మాత్రం వస్తుందట. పొద్దుటి నడక నుంచి వచ్చిన మనిషి చెప్పులైనా విప్పకుండా, "మనమూ పెట్టిద్దామోయ్" అన్నారు. కొత్త రోడ్డు మంజూరు చేసినట్టు.

మొన్న దీపాల కొట్టుకి తీసుకెళ్లారు. కొట్టు అనకూడదట, స్టూడియో అనాలిట. అందులో ఒక నమూనా వంటిల్లు ఉంది. అది పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఉల్లిపాయ తరిగిన పాపాన పోలేదు. పింగాణీ గిన్నెలో ప్లాస్టిక్ నిమ్మకాయలు. వాటికి కాపలాగా నలభయ్యేళ్ల పెద్దమనిషి, జేబు మీద "కాంతి సలహాదారు" అని బిళ్ల. నేను ఆయనకి అక్కడికక్కడే వెలుగుబాబు అని పేరు పెట్టాను.

"ఏ మూడ్ కావాలి సార్?" అని అడిగాడు మీ బావని.

"కూర మూడ్" అన్నాను నేను.

నాకొక నవ్వు పడేసి, మళ్లీ మీ బావకే చెప్పుకొచ్చాడు. "ఇది వార్మ్ సార్, సాయంత్రం ఫీల్ వస్తుంది. ఇది కూల్, హోటల్ లుక్. ఇదైతే రిమోట్‌తో నూటెనిమిది రంగులు మారుతుంది."

"ఊదారంగు వెలుగులో వంకాయ కనపడుతుందా బాబూ?"

"ఇది లుక్ కోసమండీ అమ్మగారూ. వంటప్పుడు ఎలాగూ గదిలో పెద్ద లైటు వేసుకుంటారు కదా."

"ఆ పెద్ద లైటు ఎక్కడుంటుంది?"

"మీ వెనకాల, పైన."

"నా నీడ ఎక్కడ పడుతుంది?"

వెలుగుబాబు మీ బావ వైపు చూశాడు. మీ బావ ప్లాస్టిక్ నిమ్మకాయల వైపు చూశారు.

చెల్లాయీ, ఇప్పుడొక సంగతి చెప్తాను. అమ్మకి కూడా చెప్పలేదు. ఈ ఇంట్లోకి వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచీ వంటింట్లో దీపం వెనక గోడకే ఉంది. గట్టు ముందు నిలబడితే వెలుగంతా నా వీపుకి, నీడంతా నా చేతులకి. కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుందని బళ్లో ఆడపిల్లలకి పాఠం చెప్పి, ఇంటికొచ్చి నా వీపుకి తగిలి ఆగిపోయిన కాంతితో వంట చేశాను. వచ్చిన ఏడాదే అడిగాను, గట్టు మీదకి ఒక చిన్న బల్బు పెట్టించమని. అప్పుడు ఇంట్లో ఆయన స్నేహితులున్నారు. మ్యాపు మీంచి తలెత్తకుండానే, "వంటకి వెలుగెందుకోయ్? చెయ్యి నీదే, గట్టు నీదే, దారి తప్పుతావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను చేసిన తప్పు అదే. తర్వాతి వారం చాకు దిగి ఎడమ చూపుడువేలు గోరు రెండుగా చీలింది. కట్టు చూసి, "చూసుకోవద్దూ?" అన్నారు. చూసుకోవడానికే అడిగానని నేననలేదు. మళ్లీ అడిగితే పెట్టించేవారేమో. అడగలేదు. అది నా పొగరనుకో, ఇంకేదైనా అనుకో.

ఇప్పుడు చూడు. పెళ్లాం వేలి నెత్తురు చూసి పుట్టని బుద్ధి చైన్‌మన్ ఇంట్లో దీపం చూసి పుట్టింది. అందుకని నిర్ణయించుకున్నాను. ఆ దీపాలు వెలిగిన వారమే నీ దగ్గరికి వచ్చేస్తాను, చుట్టపుచూపుగా అనుకోకు, ఉండిపోవడానికే. ముందు గదిలోంచి నీ పాత పరీక్ష పేపర్లు తీసేయ్. మీ బావకి చెప్పలేదు. ఆ సాయంత్రం ఫీల్‌లో ఎవరిని నిలబెట్టుకుంటారో నిలబెట్టుకోనీ.

నీ అక్కయ్య


చెల్లాయీ,

దీపాలు వెలిగాయి, నా కళ్లు పోయాయి. వరసగా చెప్తాను విను.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చెవి మీద పెన్సిలు, మాట తక్కువ. టేపు తీస్తూ మొట్టమొదట అడిగిన మాట ఇది: "ఇక్కడ నిలబడి వంట చేసేదెవరండీ? వాళ్లనొకసారి రమ్మనండి, ఎత్తు చూసుకోవాలి."

ముప్పై ఎనిమిదేళ్లకి ఈ ఇంట్లో ఒక మనిషి నోట ఆ ప్రశ్న వచ్చింది. నేను టీకప్పు కింద పెట్టి లేచేలోపల మీ బావ వెళ్లి గట్టు ముందు నిలబడ్డారు. ఛాతీ విరుచుకుని, జెండాకొయ్యలాగ.

"రాసుకోవయ్యా" అన్నారు.

ఎలక్ట్రీషియన్ నావైపు తిరిగాడు. "మరి అమ్మగారు..."

"సారే" అన్నాను. కూర్చుని టీ తాగాను. చల్లారిపోయింది.

అక్కడితో అయిందా? తల తగులుతోందని పై అరల్ని నాలుగంగుళాలు పైకి జరిపించారు. ఊళ్లకి ఊళ్లు కొలిచిన మనిషి, పెళ్లాం ఎత్తెంతో తెలియదు. సాయంత్రం స్విచ్చి వేశారు. ఆరడుగుల మనిషికి అద్భుతం. నాలుగడుగుల పదంగుళాల దానికి ఎదురుగా లారీ వస్తున్నట్టుంది.

"కళ్లలో కొడుతోంది" అన్నాను.

"నాకేం కొట్టట్లేదే!"

"మీకెందుకు కొడుతుంది? మీ కళ్లు అరలకి పైనున్నాయి. నావి కిందున్నాయి. తొమ్మిదో క్లాసు పాఠం."

అదీ కాక మా గట్టు నల్లరాయి, అద్దంలా నునుపు. పట్టీలో ఉన్న ఒక్కో దీపపు చుక్కా అందులో ప్రతిఫలించి చీమలబారులా ఉంది. ఫోన్ చేస్తే వెలుగుబాబు, "అది స్టార్ ఎఫెక్ట్ సార్, దానికోసం జనం ఎక్స్‌ట్రా అడుగుతారు" అన్నాడట. ఆ నక్షత్రాల మధ్య నేను ఉప్పుడబ్బా అందక పీట వేసుకుని ఎక్కాను. మీ బావ గుమ్మంలోంచి చూశారు. ఏదో అనబోయి, గొంతు సవరించుకుని వెళ్లిపోయారు. ఆ గొంతు సవరించుకోవడమే ఆయన మొత్తం సంసారం.

గురువారం పొద్దుటి బండికి వస్తున్నాను. స్టేషన్‌కి రాకు, నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

నీ అక్కయ్య


చిట్టీ,

గురువారం నేను దిగకపోయేసరికి నాలుగు తిట్టుకుని ఉంటావు. ఇంకో నాలుగు దాచుకో, నీవంతు తప్పు కూడా ఇందులో ఉంది.

బుధవారం మధ్యాహ్నం పెట్టె సర్దుతుంటే మీ బావ గుమ్మంలోకి వచ్చారు.

"రేపటి బండికా?"

"మీకెవరు చెప్పారు?"

"మీ చెల్లెలు రాసేది కార్డులు. పోస్ట్‌మన్‌కి తెలుసు, ఎదురింటివాళ్లకి తెలుసు. నాకు తెలియదా?"

చూశావా, నీ పొదుపు ఎంత పని చేసిందో!

"మొదటి కార్డుకే తెలిసి నెల్లాళ్లూ ఒక్క మాట అనలేదేం?"

"అంటే ఆగేదానివా?"

"ఆగను."

"మరింకేం. అందుకే నా ఎత్తుకి పెట్టించాను. నువ్వెళ్లాక అక్కడ నిలబడేది నేనేగా."

ఆపుతారని నేననుకున్నానా అంటే అనుకోలేదు. ఆపకపోతే ఇంత మండుతుందనీ అనుకోలేదు. నా ప్రయాణానికి నాకంటే ముందే ఏర్పాట్లు చేసుకున్న మహానుభావుడు! మడత పెడుతున్న చీరెని పెట్టెలోకి విసిరేశాను.

అప్పుడు మిగతాది బయటపడింది. ఈ నెల్లాళ్లూ పొద్దుటి నడక బూటకం. చైన్‌మన్ ఇంటికి వెళ్లి వంట నేర్చుకుంటున్నారు. గొలుసు ఎలా పట్టుకోవాలో ఒకప్పుడు ఈయన అతనికి నేర్పారు, ఇప్పుడు గరిటె ఎలా పట్టుకోవాలో అతను ఈయనకి నేర్పుతున్నాడు. ఒకప్పటి శిష్యుడికి గురువుకంటే ఓపిక ఎక్కువని ఒప్పుకోవాలి.

"వాడి దీపం కింద బాగానే తరిగేవాణ్ణి" అన్నారు మీ బావ, నేల మీది పలకల్ని చూస్తూ. "నువ్వు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు మన గట్టు దగ్గర తరిగి చూశాను. నా నీడ నా చేతుల మీదే పడింది. ఏది ఉల్లిపాయో, ఏది నా వేలో తెలిస్తేనా."

విసిరేసిన చీరెని పైకి తీసి మళ్లీ మడత పెట్టడం మొదలుపెట్టాను.

"నువ్వొకసారి బల్బు అడిగావు."

"అడిగాను."

"నేనేదో అన్నాను."

"అన్నారు."

ఏమన్నారో గుర్తుందా అని అడగలేదు. గుర్తున్నట్టు చెవులే ఎర్రబడి చెప్పాయి.

కరిగిపోయాననుకునేవు, అంత సీను లేదు. తన చేతిమీద పడితే గాని లోకంలో నీడ అనేదొకటుందని నమ్మని మనిషి. గట్టు దగ్గర్నుంచి తన కుర్చీకి ఉన్న పది అడుగులు కొలవడానికి ముప్పై ఎనిమిదేళ్లు తీసుకున్నారు. ఈయనకి జీతం ఎలా ఇచ్చారో ఆ ఆఫీసువాళ్లు! కానీ ఆ మనిషి ఆ పది అడుగులూ నడిచి, అక్కడ నిలబడి, చాకు పట్టుకుని చూశారు. నేను అడగకుండా చూశారు. అది నేను వేసుకున్న లెక్కలో లేదు. లెక్కలో లేనిది వచ్చినప్పుడు లెక్క మళ్లీ మొదటినుంచి చెయ్యమని పిల్లలకి చెప్పినదాన్ని, నాకు నేను చెప్పుకోనా?

శుక్రవారం ఎలక్ట్రీషియన్‌ని మళ్లీ పిలిపించాను. చీమలు కనపడకుండా పట్టీ మీద పాలరంగు మూత, కళ్లలో పడకుండా ముందువైపు రెండంగుళాల అంచుచెక్క, వెలుగు ఒకటే రంగు. నూటెనిమిదీ వెలుగుబాబుకే వదిలేశాను, ఆయన మూడ్‌కి పనికొస్తాయి. అరలు కిందికి దించమన్నాను.

"ఎవరి ఎత్తుకండీ?" అన్నాడు.

ఈసారి నేను వెళ్లి నిలబడ్డాను.

"సార్‌కి తల తగులుతుందండి మరి."

"వంగుతారు."

మీ బావ "ఊఁ" అన్నారు. డెబ్బై రెండేళ్లకి వంగడం మొదలుపెట్టిన మనిషి దగ్గర అంతకంటే ఆశించకూడదు.

పని శనివారానికి అవుతుంది, ఆదివారం బండికి వస్తాను. ముందు గది మాత్రం ఖాళీ చెయ్యి, పేపర్ల మధ్య పడుకోలేను. "ఎన్నాళ్లుంటావు?" అని అడిగారు మీ బావ. "మీ వంట మీరు ఎన్నాళ్లు తినగలరో అన్నాళ్లు" అన్నాను. చాలాసేపు ఆలోచించుకుని వెళ్లి, నాలుగో రోజుకి తిరుగు టికెట్టు తీసుకొచ్చారు. నేను వెళ్లి దాన్ని పదిహేనో రోజుకి మార్పించుకొచ్చాను.

ఎప్పటిలాగే నీ మీద పెత్తనం చేసే,
అక్కయ్య