ఎడం వదలమన్నాను

జూన్ 9

కాలేజీలో మొదటి క్లాసు. ఏటా చెప్పే పాఠమే — స్థలం వేరు, చోటు వేరు. స్థలాన్ని టేపుతో కొలవొచ్చు. చోటు కావాలంటే అక్కడ మనిషి ఉండాలి, లేదా ఉండి పోయి ఉండాలి... ఆ చివరి ముక్క ఈ ఏడు కొత్తగా నోట్లోంచి వచ్చింది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. "పరీక్షకొస్తుందా సార్?" అని ఒకమ్మాయి. వస్తుందన్నాను.

జూన్ 11

వేలూరులో ఎండ తగ్గలేదు. పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని ఇప్పుడే గుర్తొచ్చింది.

జూన్ 14

గుడియాత్తం నుంచి మునిరత్నం ఫోన్. కుముద తమ్ముడు కదా, 'అలో' అనడం అచ్చం ఆమెలాగే.

"బావా, సంవత్సరీకం లోపల అక్క సమాధి కట్టేయాల. గ్రానైట్టు ఏసి సుట్టూ స్టీలు గ్రిల్లు పెడదాం. ఊర్లో అందురూ అట్లే కట్టినారు."

ఆగు, నేను గీసిస్తానన్నాను. బతుకంతా తోటలూ పార్కులూ గీసినవాణ్ణి. పెళ్లాం సమాధికి స్టీలు గ్రిల్లా?

జూన్ 19

గీయలేదు.

జూన్ 22

ఎకరాలకు ఎకరాలు గీశాను. మంచమంత నేల గీయలేకపోతున్నాను. కాగితం మీద గీత పెడితే అది ఆమె అంచు అవుతుంది. చెయ్యి ఆడదు.

ఖాళీ కూడా డిజైనే అన్నది నా సిద్ధాంతం. దాని మీద వ్యాసాలు రాశాను, సెమినార్లలో వాదించాను. "ఏమీ పెట్టకుండా వదిలేసేదానికి ఇంత సదువు కావాల్నా?" — వంటింట్లోంచి కుముద. ఆ వాదనలో ఎప్పుడూ ఆమే గెలిచేది. గుర్తొచ్చి పైకే నవ్వాను. ఒక్కణ్ణే నవ్వితే ఇల్లు ఇంకా పెద్దదవుతుంది.

జూన్ 27

తేల్చుకున్నాను. గ్రానైటు వద్దు, గ్రిల్లు వద్దు. అత్త పొలంలో మట్టే, చుట్టూ రాతి అంచు, పైన గడ్డి. పక్కన కొంచెం ఎడం, ట్రాక్టరు దున్నుకుంటూ వచ్చి రాయికి తగలకుండా. బొమ్మ ఎలాగూ గీయలేకపోయాను కదా, గోవిందన్ మేస్త్రికి ఫోన్లో చెప్పాను. ఆయనది తమిళం, తెలుగు సగం. నా తమిళమూ సగమే. "పక్కన ఎడం వదలండి మేస్త్రీ, మనిషి పట్టేంత." అంటే మనిషి నడిచేంత.

"సరి సార్. పురింజిది."

అర్థమైందట. ఆయన గొంతు ఎందుకో మెత్తబడింది.

జూలై 6

మునిరత్నంతో పొలానికి వెళ్లాను. రాతి అంచు ముచ్చటగా కట్టాడు. పక్కనే, ఆ అంచునే పొడిగించి, అంతే పొడుగు, అంతే వెడల్పు — ఇంకో గడి. ఖాళీది.

ఇదేంటి మేస్త్రీ, అన్నాను.

"మీరు దానే సార్ చెప్పింది. పక్కన ఇడం వదలమని. మీకు."

తమిళంలో ఇడం అంటే చోటు. నేనన్నది ఎడం. దూరం అడిగితే చోటు ఇచ్చాడు.

కోపం వచ్చింది, నోటిదాకా వచ్చింది. ఈలోపల మునిరత్నం నా భుజం మీద చెయ్యేశాడు. "అల్లునికి మీ బూమిలోనా అని ఒకరిద్దరు అడిగినారు బావా. ఆయనకు ఇంక యాడుండాది, అక్క పక్కనే ఉండనీ అని నేనే చెప్పినా."

నిజమే. అద్దె ఇళ్లలో పుట్టి అద్దె ఇళ్లలో పెరిగినవాణ్ణి. ఇంకెక్కడా లేదు. చేత్తో కళ్లు తుడుచుకుని, బాగుందన్నాను.

జూలై 7

సరిదిద్దాలి. ఒక్క ఫోన్ చాలు.

చేయలేదు.

జూలై 9

'చోటును ఇచ్చేది డిజైనరు' అని బోర్డు మీద రాశాను. పోయినేడు కూడా ఇదే రాశాను. చెరిపేశాను. ఎందుకు సార్ అని ఒక్కరైనా అడుగుతారని చూశాను. వాళ్లూ కొట్టేసుకున్నారు, అంతే.

జూలై 13

సంవత్సరీకం పొలంలోనే అయింది. అందరూ విస్తళ్ల దగ్గర ఉన్నారు. అత్త నా దగ్గరికి వచ్చి, నా వైపు చూడకుండా, సమాధి వైపు చూస్తూ —

"బిడ్డ పక్కన నేను పండుకుందామని అనుకుంటి నాయనా. ఎవురికీ చెప్పలే. నువ్వు అడిగినావని మునిరత్నం చెప్పినాడు. సరేలే... మొగుడుంటే అమ్మెందుకు."

నేను అడగలేదత్తా, అనాలి. అంటే ఏమవుతుంది? కుముద పక్కన చోటు వద్దన్నవాణ్ణి అవుతాను. వద్దనలేదు. అడగనూ లేదు. ఆమె నా విస్తట్లో ఇంకో వడ పెట్టించి వెళ్లిపోయింది.

జూలై 15

న్యాయంగా ఆ చోటు అత్తది. కన్నది ఆమె, భూమి ఆమెది. చివరి నెలల్లో ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకున్నదీ ఆమే.

నాకు కావాలి.

రాసేశాను. కొట్టేయను.

జూలై 20

చెప్పేయాలని గుడియాత్తం బస్సెక్కాను. దారంతా మాట కూడబలుక్కున్నాను — మేస్త్రి పొరపాటు అత్తా, అది మీదే. ఇంటికి వెళితే ఎవరూ లేరు. పొలానికి నడిచాను.

ఆ ఖాళీ గడిలో కూర్చుని ఉంది అత్త. కాళ్లు చాపుకుని, కుముద వైపు తిరిగి, ఏదో చెబుతోంది. మాటలు వినబడలేదు. మామూలు కబుర్లలాగే ఉంది, మధ్యలో చెయ్యి తిప్పుతూ.

నా చెప్పుల చప్పుడుకు తలెత్తింది. గబగబా కొంగు సర్దుకుని, రాయి పట్టుకుని లేచింది. అల్లుడి ఎదుట అత్త కూర్చోదు, ఇక్కడ.

"కూచోండి అత్తా."

"నువ్వు కూచో నాయనా. నేను ఇంతసేపు ఉంటి కదా."

చెప్పాల్సింది చెప్పలేదు. ఇద్దరం నిలబడే ఉన్నాం.